పెరుగన్నం దాకా ఆగండి మేస్త్రీ గారూ

అదేం పెట్టుకోవడమండీ చిట్టియ్య గారూ! పిచ్చిక కూడా అంతకన్నా నాలుగు మెతుకులు ఎక్కువే తింటుంది. చెయ్యి అడ్డం పెట్టకండి, తియ్యండి ముందు. డబ్బుల గొడవ డబ్బుల దగ్గర, అన్నం అన్నం దగ్గర. మా ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నవాడు శత్రువే అవనీండి, ముద్దపప్పులో నెయ్యి తగ్గిందని అనుకుంటూ లేవకూడదు.

అయ్యో, మిమ్మల్ని శత్రువనలేదండీ బాబూ. మాటవరసకి అన్నాను.

అయినా రెండు నెలలైపోయింది కదండీ మనకి మాటల్లేక. ఆఖరి వాయిదా డెబ్బై అయిదు వేలు నేను ఆపేశాను. మీరేమో ఫోన్లు చేసీ చేసీ చేయడం ఆపేశారు. నిన్న నేనే ఫోన్ చేసి, 'మేస్త్రీ గారూ, రేపు మధ్యాహ్నం భోజనానికి రండి, లెక్క తేల్చుకుందాం' అంటే మీకు అనుమానం రాకుండా ఉంటుందా? 'ఆ మాణిక్యాంబ గారు అన్నంలో ఏం కలిపి పెడుతుందో, చూసుకుని తినండి' అని మీ ఆవిడ అన్నారా లేదా? నిజం చెప్పండి.

నవ్వారు! అన్నారన్నమాట. అనాల్సిందే లెండి. నేనైనా అంటాను.

అసలు మాట ఒకటుంది. అది ఇప్పుడు చెప్పను. మీరు పెరుగన్నంలోకి వచ్చాక చెబుతాను. తినేవాళ్ళ చెయ్యి ఆగిపోయే మాట విస్తరి దగ్గర ఎత్తకూడదని మా అత్తగారు అంటూండేవారు. ఆవిడ మాట నేను విన్నదే తక్కువ, ఇదొక్కటైనా విననీండి. ఈలోగా చిల్లర తప్పులున్నాయి, అవి మాట్లాడుకుందాం. వాటికి చెయ్యి ఆపక్కర్లేదు.

ఆవకాయ వేసుకోండి. కొత్తావకాయే, మూడో రోజు తిరగ్గలిపింది.

మొదటిది. హాల్లో ఆ స్విచ్‌బోర్డు. తలుపు వెనక్కి పెట్టారేంటండీ? ఇంటికొచ్చిన చుట్టం 'ఉక్కగా ఉందమ్మా' అన్నాడనుకోండి, ఫ్యాను వెయ్యాలంటే నేను వీధి తలుపు మూసెయ్యాలి. తలుపు మూసేసి వెనక్కి వెళుతుంటే ఆ చుట్టం మొహం చూడాలి మీరు! మొన్న గ్యాస్ బండ తెచ్చినతను గభాల్న లేచి నించున్నాడు, పాపం. ఏం చేస్తాననుకున్నాడో.

రెండోది. వంటింట్లో గూడు. నా ఎత్తెంతండీ? గట్టిగా నించుంటే నాలుగడుగుల పది. ఉప్పు డబ్బా కోసం స్టూలెక్కుతున్నాను. ఎవర్ని కొలిచి కట్టారు ఆ గూడు? ... ఆ! మీ ఆవిణ్ణి కొలిచారా? అదీ సంగతి! ఆవిడ పొడుగు మనిషి కాబట్టి మీ ఇంట్లో సరిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ మీ ఆవిడలాగే ఉంటారేంటండీ?

ఇదిగో చింతచిగురు రొయ్యలు. వద్దనకండి. పొద్దున్న కాలవ గట్టు మీద నించి చిగురు కోయించి తెప్పించాను. కొంచెం పులుపెక్కువైందేమో, చూసి చెప్పండి. ... బాగుందా? బాగుందని తల ఊపి ఊరుకుంటే కాదు, రెండోసారి వేసుకుంటేనే బాగున్నట్టు.

ఇక బాత్రూమ్.

అదిగో, చెయ్యి ఆపారు. ఇది ఇంకా అసలు మాట కాదండీ, దాని ముందు మాట. తినండి.

మీకు తెలుసు కదా, మేం పాతింటి పెంకులు దింపి ఈ స్లాబిల్లు కట్టుకున్నది ఎందుకని? మా ఆయనకి మోకాలు ఆపరేషన్ తప్పదన్నారు. పెరట్లో దొడ్డికి వెళ్ళాలంటే వర్షంలో, బురదలో ఆయన జారితే ఎవరు లేపుతారు? అందుకని పడగ్గదిలోనే బాత్రూమ్ పెట్టించాం. ఇల్లంతా ఒక ఎత్తు, ఆ బాత్రూమ్ ఒక ఎత్తు. మీకు అప్పుడే చెప్పాను కూడా. 'మేస్త్రీ గారూ, మిగతా ఇల్లు ఎలా కట్టినా సర్దుకుంటాను, ఇది మాత్రం బంగారంలా ఉండాలి' అని.

అలాంటిది, గృహప్రవేశానికి ముందురోజు ఇల్లు కడిగించాం. బాత్రూమ్‌లో రెండు బకెట్లు కుమ్మరించేసరికి ఏమైంది? నీళ్ళు తూము వైపు వెళ్ళలేదు. తిన్నగా గుమ్మం మూలకి వచ్చి, గడప దాటి, పడగ్గదిలోకి వచ్చేశాయి. మా ఆయన చెప్పులు మంచం కింద నించి పడవల్లాగా హాల్లోకి వచ్చాయి. ముందు ఎడమది వచ్చింది, వెనకాల కుడిది.

ముప్పై మూడేళ్ళు ఇరిగేషన్‌లో పనిచేశారండీ మా ఆయన, అప్పాజీ గారు. ఏ తూముకి ఎంత నీళ్ళు, ఏ చేలోకి ఎప్పుడు వదలాలి, అంతా ఆయన నోటి మాట మీద నడిచేది. అలాంటాయన రోజూ పొద్దున్నే స్నానం చేసొచ్చి తన మంచం కింద నీళ్ళు తను చీపురుతో తోసుకుంటున్నారు. 'రిటైరైనా డ్యూటీ తప్పలేదే మాణిక్యం' అంటారు. ఆయన నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. తడి నేల, కొత్త మోకాలు.

సరే, గృహప్రవేశం నాడు ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. కట్టిన మేస్త్రీకి పీటేసి కూర్చోబెట్టి బట్టలు పెట్టాలి. అది కదండీ మర్యాద? వడ్రంగి జీవరాజుకి పెట్టాం. కరెంటు పని చేసినతనికి పెట్టాం. మీకు కొన్న పంచెల చాపు, చొక్కా గుడ్డ మాత్రం నేను బీరువాలోనే ఉంచేశాను. 'నీళ్ళు ఎటు పోవాలో తెలియని మేస్త్రీకి బట్టలొకటా' అని అందరూ వినేలా అన్నాను కూడా. మీరు విన్నారు. పందిట్లో నించున్నవాళ్ళు నించున్నట్టే వెనక్కి తిరిగి బండెక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు మీరు భోంచెయ్యలేదు.

ఇదే ఆ రోజు భోజనం అనుకోండి. రెండు నెలలు ఆలస్యమైంది, అంతే.

గుమ్మడికాయ పులుసు పోస్తున్నాను, గుంట చెయ్యండి. ఇంకొంచెం అన్నం కలుపుకోండి దానికి.

అక్కడితో ఊరుకున్నానా? నా నోరు మీకు తెలియదు. పాల కేంద్రం దగ్గర చెప్పాను. డ్వాక్రా మీటింగులో చెప్పాను. 'జంగారెడ్డిగూడెం నించి వచ్చిన మేస్త్రీ కదమ్మా, మెట్టవాళ్ళకి నీళ్ళ వాటం ఏం తెలుస్తుంది? జీడితోటల్లో బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు. అదే మన డెల్టా వాడైతే కళ్ళు మూసుకుని చెబుతాడు నీళ్ళెటు పోతాయో' అని. అందరూ నవ్వారు. అందరూ నవ్వుతుంటే నాకు ఇంకా ఊపొచ్చింది. భీమరాజు గారు వాళ్ళ మేడ పని మీకిద్దామనుకుని మానేశారంటే అది నా నోటి పుణ్యమే.

తెలుసా? మీకు తెలుసా ఆ సంగతి? తెలిసి కూడా వచ్చి నా విస్తరి ముందు కూర్చున్నారా!

సరే. పెరుగు. గడ్డపెరుగండీ, గరిటె నించుంటుంది. కలుపుకోండి. ఇప్పుడు చెబుతాను. చెప్పాలి. చెప్పకపోతే నాకు రేపటి నించి అన్నం సహించదు.

మొన్న శుక్రవారం నిడదవోలు వెళ్ళాను, మా ఆయన మందుల కోసం. స్టేషన్ రోడ్డులో సిమెంటు కొట్టు ముందు లారీ ఆగి ఉంది. బస్తాలు దింపుతున్నారు. అందులో ఒకడు, తల నించి కాలి దాకా బూడిద కొట్టుకుపోయి, బస్తా భుజాన వేసుకుని వస్తున్నాడు. నన్ను చూసి 'బాగున్నారా అమ్మగారూ' అన్నాడు. గుర్తుపట్టలేదు నేను. ఇంకోసారి చూస్తే మన శ్యాంబాబు. మీ టైల్స్ శ్యాంబాబు!

'ఇదేంట్రా, టైల్స్ పని మానేశావా?' అన్నాను. వాడి పనితనం ఏంటండీ! టైలుకీ టైలుకీ మధ్య దారం లాగినట్టుండేది గీత. అలాంటి చేతులకి బస్తాలేంటి?

'మానలేదండి, మేస్త్రీ గారు తీసేశారండి' అన్నాడు. 'మీ బాత్రూమ్ వాటం తప్పుగా పెట్టానని పదిహేను రోజుల కూలి కూడా ఆపేశారండి' అన్నాడు. మరి మీరు మాత్రం ఏం చేస్తారు? నేను మీకు ఆపాను, మీరు వాడికి ఆపారు. మిమ్మల్నేం అనట్లేదండీ.

'ఎందుకిలా చేశావని ఆయన అడగలేదా?' అన్నాను. అడిగారట. 'పొరపాటైపోయిందండి' అని చెప్పి ఊరుకున్నాడట.

చిట్టియ్య గారూ, పొరపాటు వాడిది కాదు. మీది అసలే కాదు. ఆ వాటం పెట్టించింది నేను.

అదిగో, అందుకే పెరుగన్నం దాకా ఆగాను. చెయ్యి ఆగినా కడుపు నిండే ఉంటుంది కదా.

చెప్పనీండి, మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను. మీరు నాలుగు రోజులు జంగారెడ్డిగూడెం వేరే పని మీద వెళ్ళారు చూడండి, అప్పుడు. ఫోన్‌లో ఒకాయన వాస్తు చెబుతాడు. బొట్టూ, కండువా, వెనకాల దేవుడి పటాలూ. 'ఇంట్లో నీరు ఈశాన్యానికి నడవాలి. పడమటికి నడిచిందా, దాంతో పాటే ఇంటి యజమాని ఆరోగ్యం కూడా నడిచిపోతుంది' అన్నాడు. నేను లేచెళ్ళి చూశాను. మన బాత్రూమ్ తూము ఎటుంది? పడమటికి! మా ఆయన అప్పుడే ఆపరేషనై ఆస్పత్రి నించి వచ్చారు. అడుగు తీసి అడుగేస్తే మూలుగుతున్నారు. భయం వేసిందండీ. నవ్వకండి. నిజంగా భయం వేసింది.

శ్యాంబాబు అప్పుడే అడుగున సిమెంటు మాలు వేస్తున్నాడు. 'నాయనా, వాటం ఈశాన్యం మూలకి తిప్పెయ్' అన్నాను. వాడు చెప్పాడండీ! 'ఈశాన్యం మూలంటే గుమ్మం మూలేనండి అమ్మగారూ. తూము అటు ఉంటే నీళ్ళు ఇటొస్తాయండి' అని లెవెల్ కర్ర పెట్టి మరీ చూపించాడు. నేనేమన్నానో తెలుసా? 'ఒక్క అంగుళమేరా, శకునానికి. నీళ్ళు కాస్సేపు ఈశాన్యం చూసి, అవే తూములోకి పోతాయి' అన్నాను.

ఎవరు? నేను! దమ్ము చేసిన చేలో ఏ మూల నీళ్ళు నిలుస్తాయో గట్టు మీద నించే మా నాన్నకి చెప్పినదాన్ని. మెట్టవాళ్ళకి వాటం తెలియదని ఊరంతా టముకేసినదాన్ని.

ఎందుకు దాచానంటారా? మా ఆయన కోసమే. ముగ్గు పోసిన రోజే ఆయన చెప్పేశారు. 'వాస్తు పేరెత్తావంటే పని ఆపించేస్తాను, నీళ్ళకి దిక్కులు తెలియవు, పల్లమే తెలుసు' అని. అందుకని శ్యాంబాబుకి టీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని, 'నేను చెప్పానని ఎవరితోనూ అనకు, నా మీద ఒట్టు' అన్నాను.

మొన్న ఆ కొట్టు ముందు అడిగాను వాణ్ణి. 'ఒరేయ్, మీ చర్చివాళ్ళకి ఒట్లూ గిట్లూ లేవు కదరా, చెప్పేసి ఉండొచ్చు కదా' అని. 'ఒట్టు లేదండి, మాటుంది కదండి' అన్నాడు. అని మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు. పిల్లకి స్కూలు ఫీజు కట్టాలట.

బస్సెక్కి ఇంటిదాకా ఏడ్చుకుంటూ వచ్చానండీ. పక్క సీటావిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఏం చెప్పను? సిగ్గు పోయిందని చెప్పనా?

ఏదో ఒకటి అనండి మేస్త్రీ గారూ. తిట్టండి. పెరుగన్నం అయిపోయింది, ఇప్పుడు తిట్టొచ్చు.

... ఏంటది? నవ్వుతున్నారేంటండీ? అయ్యో, పొరమారింది! నీళ్ళు తాగండి, నీళ్ళు. నెత్తి మీద కొట్టుకోండి. ఎవరో తలుచుకుంటున్నారు, శ్యాంబాబే అయ్యుంటాడు.

ఫోన్ చెయ్యండి వాడికి. ఇప్పుడే. ఎంగిలి చెయ్యైతే ఏం, నేను నొక్కి చెవి దగ్గర పెడతాను. ఏదీ మీ ఫోను? ఇదేనా పేరు, 'శ్యాం టైల్స్'? మోగుతోంది, మాట్లాడండి. మెల్లగా మాట్లాడండి, వాడు అసలే భయపడతాడు.

ఏమన్నాడు? ... 'అమ్మగారే చెప్పేశారాండి?' అన్నాడా! చూశారా, ఇప్పుడు కూడా మీ మాట వినకుండా ముందు నేను చెప్పానో లేదో కనుక్కుంటున్నాడు. రమ్మన్నారా? రేపు పొద్దున్నే? కూలి డబ్బులు కూడా తీసుకోమనండి. టిఫిను మా ఇంట్లోనే అని చెప్పండి. పెసరట్లు వేస్తానని చెప్పండి.

చెయ్యి కడుక్కోండి. చెంబు అక్కడే ఉంది. ఇదిగో, ఈ పళ్ళెం పట్టుకోండి. పంచెల చాపు, చొక్కా గుడ్డ. రెండు నెలలు బీరువాలో ఉన్నాయి, కలరా ఉండల వాసన వస్తే ఏమీ అనుకోకండి. మీద కవరు. డెబ్బై అయిదు వేలు, ఒక్క రూపాయి తగ్గలేదు. బాత్రూమ్ మళ్ళీ పగలగొట్టి వేసేందుకు ఎంతవుతుందో అది వేరే చెప్పండి, నాదే ఖర్చు.

ఏంటీ? సగం మీరు పెట్టుకుంటారా? ఎందుకండీ? ... నాలుగు రోజులు పని వదిలేసి వెళ్ళడం మీ తప్పా? వచ్చాక ఒక చెంబెడు నీళ్ళు పోసి చూసుకోకపోవడం మీ తప్పా? అదీ నిజమే. కానీ తిప్పించింది నేను కదా! లేదండీ, నేను ఒప్పుకోను. ... అబ్బ, ఎంత మొండివాళ్ళండీ! రెండు నెలలు ఇవ్వనని నేను, ఇవ్వాలని మీరు. ఇప్పుడు ఇస్తానని నేను, వద్దని మీరు. మనకి గొడవ లేకుండా మాట్లాడుకోవడం రాదేమో.

సరే, ఇలా చేద్దాం. టైల్స్, సిమెంటు నావి. పనితనం మీది. శ్యాంబాబు కూలి మాత్రం నాదే, అందులో మీ మాట వినను. ఒప్పుకున్నట్టేనా? ఆ స్విచ్‌బోర్డు మాత్రం పూర్తిగా మీ తప్పే సుమండీ. దాంట్లో నాకు వాటా లేదు. అది మీ ఖర్చుతోనే తిప్పించాలి.

భీమరాజు గారింటికి పొద్దున్నే వెళ్ళొచ్చాను. 'తప్పు మేస్త్రీది కాదండీ, నాది' అని చెప్పాను. ఆయన రేపు మీకు ఫోన్ చేస్తానన్నారు. పాల కేంద్రం దగ్గర కూడా చెప్పేశాను. అక్కడ చెబితే ఇంక డ్వాక్రా మీటింగులో చెప్పక్కర్లేదు, అదే వెళ్ళిపోతుంది.

లేస్తున్నారేంటండీ? కూర్చోండి, కూర్చోండి. మినపసున్ని తినలేదింకా.

అసలు మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టింది ఎందుకంటే, ఊరందరికీ చెప్పాను గానీ ఒక్కరికి చెప్పలేదు. ఆయన పొద్దుటి నించీ సొసైటీ మీటింగులో ఉన్నారు. దారిలో ఎవరైనా చెప్పేలోగా నేనే చెప్పాలి. రేపు శ్యాంబాబు వచ్చి సుత్తి వేస్తే ఎందుకని అడగరూ? నలభై ఏళ్ళ సంసారంలో ఆయన ముందు తప్పు నాదని ఒక్కసారి కూడా ఒప్పుకోలేదండీ నేను. అలవాటు లేని పని. మీరెదురుగా ఉంటే ఆయన కాస్త తక్కువ నవ్వుతారు. ఉండండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది.

అదిగో, గేటు చప్పుడు. ఆయనే. ఆ కర్ర చప్పుడు ఆయనదే.

కదలకండి.

ఏవండీ, వచ్చారా? మేస్త్రీ గారొచ్చారు. ఆ, భోంచేశారు. ముందు మీరు కాళ్ళు కడుక్కుని రండి. బాత్రూమ్‌లో వద్దండీ, పెరట్లో కడుక్కోండి... ఎందుకా? అది చెప్పడానికే పిలుస్తున్నాను, ఇలా వచ్చి కూర్చోండి.